డైయింగ్ ప్రాక్టికల్స్ మొదలయ్యే ముందు

జూలై వచ్చిందంటే టెక్స్‌టైల్ డిజైన్ పిల్లలకు వానలూ, డైయింగ్ (బట్టకు రంగు వేయడం) ప్రాక్టికల్సూ ఒకేసారి మొదలవుతాయి. ల్యాబ్‌లో మేడమ్ ఉన్నంతసేపూ అందరూ గ్లవ్స్ వేసుకుంటారు. అసలు ప్రయోగాలు జరిగేది మాత్రం సబ్మిషన్‌కు రెండు రోజుల ముందు, హాస్టల్ బాత్రూమ్‌లో, రాత్రి పదకొండింటికి. ఈ జాగ్రత్తలు ఆ రాత్రి కోసం.

ముందు రంగు పొడి సంగతి. చేతులకు రంగు అంటుకుంటుందని అందరూ భయపడతారు. అది నాలుగు రోజుల్లో పోతుంది. ముక్కులోకి పోయిన పొడితోనే తంటా. రియాక్టివ్ రంగులు నూలు పోగును గట్టిగా పట్టుకునేలా తయారైనవి, ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడా ఊరుకోవు. కొందరికి చాలాకాలం ఏమీ కాదు. ఒకసారి ఎలర్జీ మొదలైందంటే, తర్వాత చిటికెడు పొడికే ఆయాసం వస్తుంది. అందుకే డబ్బా మూత తీసే ముందు ఫ్యాన్ ఆపండి (ఉక్కపోత నాకూ తెలుసు). చున్నీ ముఖానికి చుట్టుకుంటే సరిపోదు, ఎన్-95 మాస్కు పెట్టుకోండి. బల్ల మీద తడి న్యూస్‌పేపర్ పరిచి, దాని మీదే తూచండి. నేను మొదటిసారి అలా చేసిన రోజు, ఒక్క రవ్వ కూడా ఒలకలేదని ధీమాగా ఉన్నాను. రెండు నిమిషాల్లో పేపరంతా సూదిమొనంత నీలం చుక్కలు తేలాయి. అంతకుముందు సెమిస్టర్ అంతా ఆ చుక్కలు ఎక్కడికి పోయుంటాయో ఆలోచించి, ఆ రాత్రి నిద్రపట్టలేదు. కొద్దిగా నీళ్లు చిలకరించి పొడిని ముద్ద చేసేశాక ఇంత భయం అక్కర్లేదు.

వానాకాలంలో రంగు పొడి కన్నా హైడ్రోస్‌కే (సోడియం హైడ్రోసల్ఫైట్ అనే తెల్ల పొడి) నేను ఎక్కువ భయపడతాను. నీలిమందు తొట్టికి, నేరుగా నీళ్లలో కరగని వ్యాట్ రంగులకు అది లేనిదే పని జరగదు. కానీ దానికి చెమ్మ పడదు. కొంచెం తడి తగిలితే లోపల్లోపలే వేడెక్కి, ముక్కు మండే గంధకపు పొగ వదులుతుంది, అంటుకోవచ్చు కూడా. మా గదిలో ఒకసారి మూతి సరిగ్గా కట్టని హైడ్రోస్ కవరు కిటికీ కింద మూడు రోజులుంది. బయట ముసురు. అగ్గిపుల్లలు కాలిన వాసన వస్తుంటే పక్క గదిలో ఎవరో కొవ్వొత్తి వెలిగించారనుకున్నాం. కవరు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. అలా వెచ్చబడిన దాని మీద చెంబెడు నీళ్లు పోయకండి, ఇంకా రేగుతుంది. అందరూ బయటికి వచ్చేసి వార్డెన్‌ను పిలవండి. అసలు గదికి కిలో ప్యాకెట్ తేవద్దు. ఆ రోజుకు కావలసిన 50 గ్రాములు చాలు, అదీ తడి లేని డబ్బాలో, పొడి స్పూనుతో.

కాస్టిక్ సోడాను నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. స్టీలు వాడండి. ఆ గిన్నె మళ్లీ మ్యాగీకి వాడకండి, ఎంత తోమినా సరే. కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

బ్లీచ్‌తో డిజైన్ తీశాక, దాన్ని ఆపడానికి వెనిగర్‌లో ముంచమని ఎవరో ఒకరు చెబుతారు. వినకండి. బ్లీచ్‌కు పులుపు తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. బ్లీచ్‌ను ఆపేది హైపో (సోడియం థయోసల్ఫేట్), దానికి ముందూ వెనకా బోలెడన్ని నీళ్లు.

ఇక సహజ రంగులు. సహజం అంటే భయం లేదనుకోవడం మా బ్యాచ్‌లో పెద్ద జబ్బు. కరక్కాయ, పటిక, బెల్లం వరకు నిజమే. రంగు ముదరాలని మైలుతుత్తం, క్రోమ్ (పొటాషియం డైక్రోమేట్) కలపడం మొదలుపెట్టారంటే అక్కడ సహజం అయిపోయినట్టే. క్రోమ్ క్యాన్సర్ కారకం, దాని జోలికే పోవద్దు. శ్రీకాళహస్తి కలంకారీలో (గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే పని) ఎరుపును గుడ్డకు పట్టించేది పటికే, నలుపును తెచ్చేది బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి చేసే కసిమి. మీరూ కసిమి పెడితే సీసా మూత బిగించకండి. పులిసేటప్పుడు గ్యాస్ పుడుతుంది, బిగిస్తే సీసా పగలొచ్చు. ఇనుము ఎక్కువైతే ఇంకో తంటా ఉంది: నల్లగా గీసిన చోట గుడ్డ కొన్నేళ్లకు పిగిలిపోతుంది. బోరు నీళ్లలో ఇనుముంటే మంజిష్ఠ వేరు ఇచ్చే ఎరుపు కూడా గోధుమ రంగుకు తిరుగుతుంది. ల్యాబ్‌లో వచ్చిన ఎరుపు హాస్టల్‌లో రాలేదంటే ముందు నీళ్లను అనుమానించండి.

పోగు ఏదో తెలుసుకోవడానికి కాల్చి చూస్తారు కదా, అప్పుడు వేళ్లతో పట్టుకోవద్దు. నూలు కాగితంలా కాలుతుంది, పట్టు వెంట్రుక కాలిన వాసనేస్తుంది. పాలిస్టర్ మాత్రం కరిగి బొట్టుగా జారుతుంది. ఆ బొట్టు చర్మం మీద పడితే అక్కడే అంటుకుపోయి లోతుగా కాలుస్తుంది. పట్టకారు, కింద ఇసుక ప్లేటు, వెనక్కి కట్టిన జుట్టు తప్పనిసరి. బాతిక్ మైనాన్ని (రంగు అంటకూడని చోట గుడ్డకు పూసేది) నేరుగా స్టవ్ మీద పెట్టకండి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత పెట్టి స్టవ్ ఆపండి.

శాంపిల్స్ ఆరకపోవడం ప్రమాదం కాదు గానీ మార్కులు పోతాయి. ముసురులో తడి గుడ్డను మడతపెట్టి వదిలేస్తే రెండు మూడు రోజుల్లో బూజు మచ్చలు పడతాయి. ఉతికాక ఒకదాని మీద ఒకటి వేయకుండా ఫ్యాన్ కింద విడివిడిగా ఆరేయండి. ప్రతి ముక్కకూ గ్రాములు, నిమిషాలు, ఏ నీళ్లో చీటీ మీద పెన్సిల్‌తో రాసి కుట్టండి. ఇంకు పెన్నుతో రాస్తే చెమ్మకు అదీ గుడ్డ మీదికి దిగుతుంది.