కానుగ బయోడీజిల్: గ్లిజరిన్ విడిపోకపోతే ముందు నూనెను చూడండి

కానుగ నూనెలో మిథనాల్, కాస్టిక్ (ఇక్కడ పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం) కలిపితే బయోడీజిల్ పైన నిలిచి, గ్లిజరిన్ అడుగుకు దిగాలి.

సమస్య: రాత్రంతా కదపకుండా ఉంచినా గ్లిజరిన్ అడుగుకు దిగలేదు. డ్రమ్ములో అంతా గంజిలా చిక్కబడింది.

ఇక్కడే చాలామంది "కాస్టిక్ తక్కువైందేమో" అని ఇంకో గుప్పెడు వేస్తారు. దాంతో ఉన్న తలనొప్పి రెండింతలవుతుంది. అది గంజి కాదు, సబ్బు. వానకు తడిసిన కాయలు, నెలల తరబడి గోనెసంచుల్లో మగ్గిన గింజలు గానుగకు వెళ్తే నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. క్షారం పడగానే అవి సబ్బుగా మారతాయి. సబ్బు చేసేవాళ్లకు పనికొచ్చే గుణమే మన కొంప ముంచుతుంది.

బ్యాచ్ పెట్టే ముందు పది నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. 1 మి.లీ. నూనెను 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ (క్షారం ఎక్కువైతే గులాబీ రంగుకు మారే సూచిక) వేయండి. లీటరు డిస్టిల్డ్ నీటికి 1 గ్రాము పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రావణాన్ని సిరంజితో చుక్కచుక్కగా వదలండి. గులాబీ రంగు వచ్చి అర నిమిషం నిలిస్తే ఆపేయండి.

ద్రావణం 4 మి.లీ. లోపు పడితే నేరుగా ముందుకెళ్లొచ్చు. లీటరు నూనెకు 8 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్, దానికి తోడు పరీక్షలో పడిన ప్రతి మి.లీ.కి ఒక గ్రాము. మిథనాల్ 250 మి.లీ.

4 దాటితే ఆమ్లాలు 2 శాతం మించినట్లే. అప్పుడు ముందు యాసిడ్ దశ తప్పదు: లీటరుకు 200 మి.లీ. మిథనాల్, 5 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 60 డిగ్రీల దగ్గర గంటకు పైగా కలపడం. తేరాక పైన నిలిచిన మిథనాల్, నీటి పొరను తీసేసి, మళ్లీ అదే పరీక్ష. నూనె తడిగా ఉంటే ముందే 110 డిగ్రీల దాకా కాచి చల్లార్చాలి. లేకపోతే ఇదంతా వృథా.

సమస్య: గ్లిజరిన్ దిగింది, కానీ 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ వేసి ఊపితే అడుగున నూనె చుక్కలు మిగిలాయి.

నూనె పూర్తిగా మారలేదన్నమాట. మిథనాల్ 65 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత వదులుగా ఉంటే సగం ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పీల్చినా ప్రమాదమే, నిప్పు తగిలినా ప్రమాదమే. మూత బిగించి, కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి మళ్లీ ద్రవంగా మార్చే గొట్టం) పెట్టి, 55–60 మధ్య గంటసేపు బాగా కలపండి. చెడిన బ్యాచ్‌కైతే గ్లిజరిన్ తీసేసి, లీటరుకు 50 మి.లీ. మిథనాల్‌లో గ్రామున్నర పొటాషియం హైడ్రాక్సైడ్ కరిగించి మళ్లీ నడపండి.

సమస్య: బయోడీజిల్‌ను నీళ్లతో కడిగితే పాలలా అయింది.

సబ్బు మిగిలింది, పైగా గట్టిగా ఊపారు. గోరువెచ్చని ఉప్పునీళ్లు కొద్దిగా పోసి వదిలేయండి. ఈసారి నీళ్లు పైనుంచి చిలకరించండి చాలు.

సమస్య: కడిగాక మసకగా ఉంది.

అది నీటి తడి. బుడగలు ఆగేదాకా 110 డిగ్రీల దగ్గర కాచండి. చల్లారాక గాజు సీసాలో పోసి వెనక దినపత్రిక పెట్టండి. అక్షరాలు చదవగలిగితే ఆరినట్టే.