ఆర్‌సెటీ ఉచిత శిక్షణకు దరఖాస్తు: ఫారం నుంచి బ్యాంకు రుణం దాకా

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థనే అందరూ ఆర్‌సెటీ అంటారు. స్థలం రాష్ట్రానిది. భవనానికి, పేద అభ్యర్థుల శిక్షణ ఖర్చుకు సొమ్ము కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఇస్తుంది. నడిపేది బ్యాంకు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి పెట్టిన రుడ్‌సెట్ దీనికి మూలం. అనంతపురం, వేటపాలెం కేంద్రాలు ఇప్పటికీ రుడ్‌సెట్ పేరుతోనే ఉన్నాయి.

ఇక్కడ సీటు దొరకడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా తర్వాత బ్యాంకులో పెట్టే రుణ దరఖాస్తుతోనే. అందుకే కోర్సు ఎంచుకునే రోజే రుణం సంగతి కూడా చూసుకోవాలి.

18 ఏళ్లు నిండి ఉండాలి. 45 లోపు వారికి వయసుతో ఇబ్బంది లేదు. అంతకు పైబడితే బ్యాచ్ నోటీసులో పై పరిమితి ఎంతో చూసుకోండి. అభ్యర్థుల్లో కనీసం 70 శాతం మంది పేద గ్రామీణ కుటుంబాల వారై ఉండాలన్నది నిబంధన. కాబట్టి రేషన్ కార్డు లేదా పొదుపు సంఘం సభ్యత్వ పత్రం తప్పకుండా జత చేయండి. కార్డులో మీ పేరు లేకపోతే గ్రామ సంఘం నుంచి రాయించుకున్న సభ్యత్వ పత్రం అక్కరకొస్తుంది. వీటితో పాటు ఆధార్, చదువు సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు కావాలి.

ఫారం కేంద్రంలోనే ఇవ్వొచ్చు. అంత దూరం వెళ్లలేనివారు పొదుపు సంఘాల వ్యవహారాలు చూసే మండల వెలుగు లేదా ఐకేపీ ఆఫీసులో ఏపీఎంని (అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజరు) కలిస్తే చాలు. అక్కడ ముందు అడగాల్సింది ఫారం కాదు, మీకు కావాల్సిన కోర్సు బ్యాచ్ ఎప్పుడన్నది. ఒక్కో బ్యాచ్‌కు 25 నుంచి 35 మంది ఉంటారు, తగినంత మంది చేరేదాకా మొదలుపెట్టరు. మహిళల టైలరింగ్, సెల్‌ఫోన్ రిపేరు లాంటివి సాధారణంగా 30 రోజులు, పాడి పశువుల పెంపకం, పుట్టగొడుగుల సాగు 10 రోజులు. భోజనం, వసతి, శిక్షణ అన్నీ ఉచితం. స్టైపెండ్ వస్తుందని మాత్రం ఎవరూ చేరకండి.

హాజరు బయోమెట్రిక్‌తో పడుతుంది. పొలం పనితో వేలిముద్రలు అరిగినవారు ముందే ఆధార్ కేంద్రంలో అప్‌డేట్ చేయించుకోవడం మంచిది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాసుపుస్తకంలో పొడి అక్షరంగా ఉంటే అది కూడా ఇప్పుడే సరిచేయించుకోండి, రుణం దగ్గరికొచ్చాక అదే అడ్డం పడుతుంది.

శిక్షణ సాగుతుండగానే ప్రాజెక్టు రిపోర్టు తయారు చేసుకోవాలి. ఎలాగో కేంద్రంలో నేర్పుతారు. కొటేషన్, అంటే సామాను ధరలు రాసి షాపు ఇచ్చే పత్రం మాత్రం మీరే తెచ్చుకోవాలి. టైలరింగ్ యూనిట్ అయితే పవర్ మెషిన్, ఓవర్‌లాక్ మెషిన్, కటింగ్ టేబుల్ ఒక్కోదానికి మోడల్, ధర, జీఎస్టీ విడివిడిగా ఉండాలి. షాపు జీఎస్టీ నంబరు, తేదీ, ముద్ర ఉండాలి. తెల్లకాగితం మీద మొత్తం వేసి ఇచ్చిన కొటేషన్‌ను బ్యాంకు మేనేజరు పక్కన పెట్టేస్తాడు.

చిన్న పెట్టుబడికి కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకం రుణం చాలు: శిశు కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, హామీ ఆస్తి అక్కర్లేదు. సబ్సిడీ కావాలంటే పీఎంఈజీపీకి (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. పల్లెల్లో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం, జనరల్ పురుషులకు 25 శాతం సబ్సిడీ. మహిళ పెట్టే 2 లక్షల యూనిట్ లెక్క చూద్దాం. ఆమె వాటా 5 శాతం, అంటే 10 వేలు. బ్యాంకు 1.90 లక్షలు మంజూరు చేస్తుంది. సబ్సిడీ 70 వేలు చేతికి రాదు, ఆమె పేరున డిపాజిట్‌గా మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది. డిపాజిట్‌కు వడ్డీ ఇవ్వరు, రుణంలో అంత భాగానికి వడ్డీ వేయరు. యూనిట్ నడుస్తుంటే ఆ సొమ్ము రుణానికి జమ అవుతుంది.

మొదటిసారి తీసుకునే పీఎంఈజీపీ సబ్సిడీ కొత్త యూనిట్లకే. ముందే మెషిన్ కొని షాపు తెరిస్తే సబ్సిడీ వదులుకున్నట్టే. స్థలం కొనే ఖర్చు కూడా ప్రాజెక్టులో చూపకూడదు.

ఆర్‌సెటీని నడిపే బ్యాంకే రుణం ఇస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మీ ఊరు ఏ బ్రాంచి పరిధిలో ఉందో దరఖాస్తు అక్కడే పెట్టాలి. పాత గ్రూపు రుణంలో బకాయి ఉంటే ముందు అది తీర్చండి. మీ పాత అప్పుల వివరాలుండే క్రెడిట్ రిపోర్టులో అది కనబడితే మేనేజరు ముందుకు వెళ్లడు.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం తీసుకెళ్లి ఆర్‌సెటీ డైరెక్టరుకు చూపండి. శిక్షణ ముగిశాక రెండేళ్ల పాటు అభ్యర్థిని కనిపెట్టుకుని ఉండటం కేంద్రం బాధ్యతే. అక్కడా కదలిక లేకపోతే జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరుకు అర్జీ ఇచ్చి, ఆ ప్రతి మీద తేదీతో స్టాంపు వేయించుకోండి.