పాడ్‌కాస్ట్ పాఠాలు – 6: స్పాన్సర్ ప్రకటనను మీ గొంతుతో చదవడం

గత పాఠంలో ఎపిసోడ్‌ను హోస్టింగ్‌లో (ఆడియో ఫైలు ఉంచే సర్వరు) పెట్టి, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (కొత్త ఎపిసోడ్ వచ్చిందని యాప్‌లకు తెలిపే జాబితా) ద్వారా యాపిల్, స్పాటిఫై లాంటి చోట్లకు పంపడం వరకు వచ్చాం. ఇప్పటికి మీ దగ్గర నాలుగైదు ఎపిసోడ్లు తయారై ఉండాలి. కాకపోయినా ఈ పాఠం చదివేయండి, అభ్యాసం తర్వాత చేసుకోవచ్చు.

ఈసారి విషయం డబ్బు. ఎపిసోడ్ మధ్యలో ఒక నిమిషం పాటు ఒక సరుకు గురించి మీరే చెప్పడం. ఈ రంగంలో దీన్ని హోస్ట్ రీడ్ అంటారు. చాలామంది స్పాన్సర్ పంపిన కాగితాన్ని గబగబా చదివేసి హమ్మయ్య అనుకుంటారు. నన్నడిగితే ఎపిసోడ్ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాల్సిన నిమిషం అదే.

ఇది రేడియోలో పుట్టిన పద్ధతే

1952లో సిలోన్ రేడియోలో 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు వినిపించని రోజులవి. బుధవారం సాయంత్రం అయ్యేసరికి దేశమంతా సిలోన్ పెట్టుకునేది. బినాకా అంటే టూత్‌పేస్ట్. ఆ పేరు కార్యక్రమం పేరులోనే ఉంది, చెప్పేది అమీన్ సయానీ. పాటల వరుస కోసం కూర్చున్నవాళ్లకు టూత్‌పేస్ట్ పేరు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. వివిధ భారతిలో వాణిజ్య ప్రకటనలు వచ్చింది 1967లో. అప్పటికి పదిహేనేళ్లుగా సిలోన్ ఈ వ్యాపారం చేస్తూనే ఉంది.

ఇంకో ఉదాహరణ 2014 అక్టోబరులో అమెరికాలో మొదలైన 'సీరియల్' అనే పాడ్‌కాస్ట్. ఒక పాత హత్య కేసును వారం వారం విప్పుతూ పోయిన షో అది. దాని మొదట్లో మెయిల్‌చింప్ అనే ఈమెయిల్ కంపెనీ ప్రకటన వచ్చేది. అందులో మామూలు జనం ఆ కంపెనీ పేరు పలుకుతూ ఉంటారు, ఒక అమ్మాయి 'మెయిల్‌కింప్' అంటుంది. ఆ తప్పును తీసేయకుండా అలాగే ఉంచారు. షోతో పాటు ఆ 'కింప్' కూడా జనం నోళ్లలో నానింది. 'సీరియల్' తీసింది పబ్లిక్ రేడియోలో పనిచేసినవాళ్లే, వాళ్ల సంస్థను 2020లో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. రేడియోవాళ్ల చేతిపని, పత్రికవాళ్ల డబ్బు, ఇంటర్నెట్ కంపెనీ ప్రకటన, మూడూ ఒకే ఫీడ్‌లోకి వచ్చి చేరాయి. పాత మీడియాను పాడ్‌కాస్ట్ మింగేస్తుందని అప్పట్లో చాలామంది రాశారు. జరిగింది ఇది.

అయితే రేడియోకీ పాడ్‌కాస్ట్‌కీ ఒక తేడా ఉంది, ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది. రేడియోలో ప్రకటన వస్తే శ్రోత భరించాలి, లేదా స్టేషన్ మార్చాలి. పాడ్‌కాస్ట్ యాప్‌లో 30 సెకన్లు ముందుకు దూకే బటన్ ఉంటుంది. రెండుసార్లు నొక్కితే మీ స్పాన్సర్ మాయం. అందుకే రేడియో జింగిల్‌ను తెచ్చి ఎపిసోడ్‌లో అతికిస్తే పనిచేయదు. వాద్యం మొదలవగానే వేలు బటన్ మీదకు వెళ్లిపోతుంది. మీరు మాట్లాడుతున్న గొంతుతోనే, అదే ధోరణిలో కొనసాగితే, ఇది ప్రకటన అని తెలిసినా చాలామంది వింటారు.

రాయడం

మీది మన ఊళ్ల చరిత్రలు చెప్పే పాడ్‌కాస్ట్ అనుకుందాం. గుంటూరులో పచ్చళ్లు పెట్టి విదేశాలకు పంపే ఒక చిన్న వ్యాపారి స్పాన్సర్‌గా వచ్చారు. వాళ్లు పంపే కాగితం దాదాపు ఇలా ఉంటుంది:

"నాణ్యతకు మారుపేరు, రుచికి చిరునామా! ఆవకాయ, మాగాయ, గోంగూర, ఉసిరి మొదలగు అన్ని రకముల పచ్చళ్లు సరసమైన ధరలకు లభించును. శుభకార్యములకు ఆర్డర్లు తీసుకొనబడును. నేడే సంప్రదించండి!"

గోడ మీద రాయడానికి ఇది బాగానే ఉంటుంది. చెవికి పనికిరాదు. 'లభించును' అని మీరు మామూలుగా మాట్లాడేటప్పుడు అనరు కదా, అక్కడే శ్రోతకు తెలిసిపోతుంది ఇవి మీ మాటలు కావని. అదే సంగతిని ఇలా రాసి చూడండి:

"ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇది ప్రకటన, దీనికి మేం డబ్బు తీసుకున్నాం. గుంటూరు నుంచి వాళ్ల గోంగూర పచ్చడి సీసా పోయిన వారం మా ఇంటికొచ్చింది. నాకైతే కారం కాస్త ఎక్కువే అనిపించింది, పెరుగన్నంలోకి మాత్రం భలే కుదిరింది. మా అమ్మ ఒక్క ముద్ద తిని, ఇది మిర్చి వేయించి దంచింది, కారప్పొడి కలిపింది కాదు అంది. ఫోన్ చేసి అడిగితే నిజమేనన్నారు. విదేశాల్లో ఉన్నవాళ్లకి కూడా పంపుతారు. వాళ్ల వాట్సాప్ నంబరు ఈ ఎపిసోడ్ వివరాల్లో ఉంది. ఈ పాడ్‌కాస్ట్‌లో విన్నామని చెబితే డెలివరీ ఖర్చు తీసుకోరు. ప్రకటన అయిపోయింది. ఇక కొండవీడు కోట దగ్గరికి వెళదాం."

రెండోదాంట్లో ఒకే పచ్చడి ఉంది. పది రకాలు చదివితే ఒక్కటీ గుర్తుండదు. మిగతా తొమ్మిదింటికీ తర్వాతి తొమ్మిది ఎపిసోడ్లు ఉన్నాయని వ్యాపారికి నచ్చజెప్పండి, అది మీకూ లాభమే. శ్రోత చేయాల్సిన పని కూడా ఒక్కటే ఉంది: వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడం. వెబ్‌సైట్ చూడండి, ఇన్‌స్టాలో ఫాలో అవండి, యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి అని మూడు చెబితే మూడూ చేయరు.

కారం ఎక్కువ అన్న మాట దగ్గర వ్యాపారి అభ్యంతరం చెప్పవచ్చు. తీసేయమని పట్టుబడితే తీసేయండి, డబ్బు వాళ్లది. కానీ ముందు ఒకసారి ఒప్పించే ప్రయత్నం చేయండి. ఆ చిన్న ఫిర్యాదు వల్లే పక్కనున్న మెచ్చుకోలు నిజమనిపిస్తుంది. ఇక వాడని సరుకును వాడినట్టు, రాని సీసా వచ్చినట్టు మాత్రం చెప్పకూడదు. సీసా రాకపోతే 'వాళ్లు ఇలా చెబుతున్నారు' అనండి.

కోడ్ గురించి ఒక మాట. వెబ్‌సైట్‌లో టైప్ చేసే డిస్కౌంట్ కోడ్ ఇస్తుంటే తెలుగు మాట పెట్టకండి. 'వంకాయ' అని కోడ్ పెట్టారనుకోండి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకరు వీతో మొదలుపెడతారు, ఒకరు డబ్ల్యూతో, చివర ఒక ఏ పెట్టేవాళ్లు కొందరు, రెండు పెట్టేవాళ్లు కొందరు. కంప్యూటర్ ఒక్క స్పెల్లింగే ఒప్పుకుంటుంది. మీ శ్రోత డ్రైవింగ్‌లోనో వంటింట్లోనో ఉంటారు, అక్షరాలు రాసుకోరు. గుంటూరు, నెల్లూరు లాంటి అందరికీ స్పెల్లింగ్ తెలిసిన ఊరి పేరు పెట్టండి. వాట్సాప్ అయితే ఈ గొడవ లేదు, అవతల చదివేది మనిషి.

రాశాక ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి. 60 సెకన్లు దాటితే కొట్టివేతలు మొదలుపెట్టండి. విశేషణాలతో మొదలుపెడితే సగం పని అయిపోతుంది.

ఎక్కడ పెట్టాలి

మొదట్లో పెడితే శ్రోత ఇంకా కుదురుకోలేదు. చివర పెడితే వినేవాళ్లు ఉండరు, ముగింపు మాట రాగానే తర్వాతి ఎపిసోడ్‌కి పోతారు. మధ్యలో చోటుకే ధర ఎక్కువ. మధ్యలో అంటే ఎక్కడన్నది అసలు ప్రశ్న. టీవీ సీరియళ్లు ఉత్కంఠ పతాకస్థాయిలో ఉండగా బ్రేక్ ఇస్తాయి. టీవీ ముందున్నవాళ్లకు వేరే దారి లేదు కనుక అక్కడ చెల్లింది. మన దగ్గర అలా చేస్తే, కథ తెలుసుకోవాలన్న ఆత్రం కొద్దీ శ్రోత బటన్ నొక్కుతాడు. ఒక ఘట్టం పూర్తయి, తర్వాతిదానికి ఒక ప్రశ్న వేసి, అక్కడ ఆగండి. కాస్త తీరిక, కాస్త కుతూహలం, రెండూ ఉండే చోటది.

రికార్డింగ్ సంగతి క్లుప్తంగా. ఎపిసోడ్ రికార్డు చేసిన గదిలోనే, అదే మైకుతో, అంతే దూరంలో కూర్చుని చదవండి. రెండింటి శబ్ద స్థాయీ ఒకటే ఉండాలి, యాపిల్ చెప్పే కొలత మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే యూనిట్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది). ప్రకటన మాత్రం గట్టిగా వినిపిస్తే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు ఉలిక్కిపడి తిట్టుకుంటారు. వెనకాల సినిమా పాట బిట్ వేయకండి, రెండు సెకన్లయినా అది ఇంకొకరి ఆస్తి.

మీ హోస్టింగ్ కంపెనీ ప్రకటనను ఎపిసోడ్‌లో కలిపేసే పద్ధతితో పాటు, డౌన్‌లోడ్ అయ్యే క్షణంలో సర్వరే అతికించే పద్ధతి కూడా ఇవ్వవచ్చు. రెండోదాంట్లో ఒకే ఎపిసోడ్‌లో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఒక ప్రకటన, న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు ఇంకొకటి పెట్టవచ్చు, గడువు అయ్యాక తీసేయవచ్చు. మొదటిదాంట్లో ప్రకటన ఎపిసోడ్ ఉన్నంత కాలం ఉంటుంది. అలాంటప్పుడు 'ఈ దసరాకి మాత్రమే' అని చదవకండి. ఎవరో మూడేళ్ల తర్వాత ఉగాది రోజు విని, ఆ ఆఫర్ కోసం వ్యాపారికి ఫోన్ చేస్తారు.

ఇది ప్రకటన అని చెప్పాలి

పైన నమూనాలో 'దీనికి మేం డబ్బు తీసుకున్నాం' అన్న వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆడియో గురించి విడిగా చెప్పింది: మొదట్లోనూ చివరనూ, మధ్యలో విరామం వస్తే దానికి ముందూ వెనకా, ఇది ప్రకటన అని స్పష్టంగా వినిపించాలి. ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనైనా చెప్పవచ్చు కాబట్టి తెలుగులో చెబితే సరిపోతుంది. డబ్బు బదులు ఉచితంగా సరుకు తీసుకున్నా అంతే, ఆ పచ్చడి సీసాతో సహా. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు, ప్రచారం చేసినవాళ్లకు కూడా. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. మందులు, పెట్టుబడులు, లోన్ యాప్‌ల ప్రకటనలు వస్తే అసలు ఒప్పుకోవద్దనే నా సలహా. వాటి నియమాలు ఇంకా గట్టివి, మన శ్రోతల్లో పెద్దవాళ్లు ఎక్కువ.

వార్తలు, రాజకీయాలు చెప్పే పాడ్‌కాస్ట్ అయితే ఇంకో జాగ్రత్త. వార్త చెప్పిన గొంతు ప్రకటన చదవకపోవడమే మంచిది. ఇంట్లో ఇంకెవరితోనైనా చదివించండి. మన దేశంలో ప్రైవేట్ ఎఫ్‌ఎం స్టేషన్లకు సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్లను మార్చకుండా వేసుకోవచ్చు, అంతే. గొంతుతో వార్తలు చెప్పాలనుకునే చిన్న విలేకరికి పాడ్‌కాస్టే దారి. ఆ గొంతు మీద ఉన్న నమ్మకాన్ని పచ్చళ్లకు ఖర్చు పెట్టడం దండగ.

ఎంత అడగాలి, ఏం చూపించాలి

ఆన్‌లైన్ మార్కెటింగ్‌లో వాడుక వెయ్యి మందికి ఇంత అన్న లెక్క, సీపీఎం అంటారు. ఉదాహరణకు వెయ్యికి 500 రూపాయలు అనుకోండి. మీ ఎపిసోడ్‌కు 800 డౌన్‌లోడ్లు ఉంటే వచ్చేది 400. ఎడిటింగ్ రోజున తాగిన టీలకు సరిపోతుంది. చిన్న షోకు ఈ లెక్క ఎప్పుడూ గిట్టదు. ఒక సీజన్‌కి మొత్తంగా ఇంత అని అడగండి, లేదా మీ కోడ్ చెప్పి కొన్న ప్రతి ఆర్డరుకూ ఇంత అని మాట్లాడుకోండి. నెల్లూరు చరిత్ర వినే 800 మంది నెల్లూరు వ్యాపారికి, అటూ ఇటూ తిరిగే లక్ష మంది కంటే విలువైనవాళ్లు. బేరం ఆ మాట మీద ఆడాలి.

డౌన్‌లోడ్ అంకెలు చూపించేటప్పుడు అవేమిటో కూడా చెప్పండి. ఆన్‌లైన్ ప్రకటనల రంగానికి ప్రమాణాలు పెట్టే ఐఏబీ అనే సంస్థ లెక్క ప్రకారం కనీసం ఒక నిమిషం ఆడియో దిగితేనే డౌన్‌లోడ్ కింద లెక్క. అది దిగింది అనడానికి సాక్ష్యం, విన్నారు అనడానికి కాదు. 2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17 వచ్చాక, వినకుండా వదిలేసిన షోల ఆటోమేటిక్ డౌన్‌లోడ్లను యాపిల్ తగ్గించింది. చాలా షోల అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి, నిజంగా వినేవాళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. యూట్యూబ్ వ్యూలను, స్పాటిఫై ప్లేలను డౌన్‌లోడ్లతో కలిపి ఒకే పెద్ద అంకెగా చూపించడం కూడా సరికాదు, ఒక్కొక్కటీ ఒక్కో కొలత.

చిన్న వ్యాపారికి వీటన్నిటికంటే బాగా అర్థమయ్యేది ఒకటుంది. ఆర్డరు తీసుకునేటప్పుడు 'మా గురించి ఎక్కడ విన్నారు' అని అడిగి, ఒక నోటుపుస్తకంలో గీత పెట్టుకోమనండి. వెబ్‌సైట్ ఉన్నవాళ్లకైతే మీ ఎపిసోడ్ కోసం ప్రత్యేకమైన లింక్ ఇవ్వమనండి. ఎపిసోడ్ వచ్చిన మొదటి వారంతో ఆపొద్దు, మూడు నెలలు చూడమనండి. పాత ఎపిసోడ్లను తవ్వి వినేవాళ్లు పాడ్‌కాస్ట్‌కి ఎప్పుడూ ఉంటారు. పేపర్లో వేసిన ప్రకటనకు ఆ అవకాశం లేదు, మర్నాటికి అది బజ్జీల బండి చేరుతుంది.

అభ్యాసం

మీ వీధిలో ఒక దుకాణం ఎంచుకోండి, నిజంగా స్పాన్సర్ కానక్కర్లేదు. అక్కడ ఒక వస్తువు కొని, వాడి, దాని గురించి 60 సెకన్ల ప్రకటన రాయండి. మొదటి వాక్యంలోనూ చివరి వాక్యంలోనూ ఇది ప్రకటన అని చెప్పాలి. మధ్యలో మీ కంటికి కనిపించిన వివరం ఒకటి, లోపం ఒకటి, శ్రోత చేయాల్సిన పని ఒకటి ఉండాలి. మీ పాత ఎపిసోడ్ కాపీ ఒకటి తీసుకుని, సరైన చోటు వెతికి అందులో అతికించండి. ఇంట్లో ఎవరికైనా ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి వినిపించండి, ఎందుకో చెప్పొద్దు. బటన్ నొక్కి దూకేస్తే ఏ మాట దగ్గర నొక్కారో రాసుకుని, ఆ మాట నుంచి వెనక్కి తిరగరాయండి.

ఏడో పాఠంలో, 40 నిమిషాల ఎపిసోడ్ నుంచి వాట్సాప్ స్టేటస్‌కీ యూట్యూబ్ షార్ట్స్‌కీ పనికొచ్చే ముక్కలు కోయడం చూద్దాం. దానికి మీ ఎపిసోడ్ల రాతప్రతులు కావాలి, ఈలోగా ఒకటైనా టైప్ చేసి ఉంచుకోండి.