శ్రావణ ముహూర్తాలకు ముందే ఆల్బమ్ డిజైన్ కంప్యూటర్‌ను సిద్ధం చేసుకోండి

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక ఫోటో స్టూడియోల్లో పెద్ద షీట్లపై ఫోటోలను అమర్చి ముద్రించే కరిజ్మా ఆల్బమ్‌లు డిజైన్ చేసేవారికి ఆ నెలలో కాస్త తీరిక దొరుకుతుంది. శ్రావణం మొదలయ్యాక ఒక ఆల్బమ్ పూర్తికాకుండానే మరొకటి వచ్చిపడుతుంది. సరిగ్గా అప్పుడే ఫోటోషాప్ మెమరీ చాలదంటూ ఆగిపోవడమో, తెర ఒక్కసారిగా నల్లబడడమో జరిగితే, హడావుడిలో చేసే మరమ్మతు ఉన్న సమస్యను మరింత పెంచుతుంది. అందువల్ల ఈ పనులన్నీ ఆషాఢంలోనే ముగించుకోవాలి.

ముందుగా తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. ర్యామ్ చాలడం లేదనో, స్క్రాచ్ డిస్కులు (ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ తాత్కాలికంగా వాడుకునే డిస్కు స్థలం) నిండాయనో సందేశం వస్తే అది మెమరీకి సంబంధించినది. జూమ్ చేసినప్పుడు చిత్రంలో నల్లని గళ్లు కనిపించినా, బ్రష్ కదిలిస్తే తెర మినుకుమన్నా, తెర క్షణంపాటు ఆరిపోయి తిరిగి వెలిగినా, గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాలి. గ్రాఫిక్స్ కార్డు సుమారు 2 సెకన్లపాటు బదులివ్వకపోతే విండోస్ దానిని తనంతట తానే రీసెట్ చేస్తుంది. తెర ఆరి వెలగడానికి తరచుగా అదే కారణం. అనుమానం తీరాలంటే ప్రిఫరెన్సెస్‌లోని పెర్ఫార్మెన్స్ భాగంలో ‘యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్’ దగ్గరి టిక్కు తీసివేసి, ఫోటోషాప్‌ను మూసి తెరిచి, అదే పనిని మళ్లీ చేసి చూడాలి. సమస్య పోతే అది గ్రాఫిక్స్ వైపు ఉన్నట్టే. అయితే ఇది పరీక్షే తప్ప చికిత్స కాదు. దానిని అలాగే వదిలేసి సీజనంతా నెట్టుకురావడం మంచిది కాదు, ఎందుకంటే కొన్ని ఫీచర్లు పనిచేయవు, మరికొన్ని బాగా నెమ్మదిస్తాయి.

మెమరీ విషయంలో లెక్క తెలిసి ఉండడం చాలా అవసరం. 12×36 అంగుళాల షీటును 300 డీపీఐలో తెరిస్తే అది 3,600×10,800 పిక్సెళ్లు, అంటే సుమారు 3.9 కోట్ల పిక్సెళ్లు అవుతుంది. 8 బిట్ ఆర్‌జీబీలో ఒక్కొక్క పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున, ఖాళీ బ్యాక్‌గ్రౌండే దాదాపు 117 ఎంబీ తీసుకుంటుంది. 16 బిట్ అయితే అది రెట్టింపు. 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన జేపెగ్ ఫైలు డిస్కులో ఎంత చిన్నదిగా కనిపించినా, తెరిచిన తరువాత 72 ఎంబీ అవుతుంది. వీటిపైన లేయర్లు, మాస్కులు, మామూలుగా 50 మెట్ల వరకు గుర్తుపెట్టుకునే హిస్టరీ కూడా చేరతాయి. కనుక పది షీట్లు ఒకేసారి తెరిచి పెట్టుకునే అలవాటు ఉన్నచోట 8 జీబీ ర్యామ్ నిలవదు. నా అభిప్రాయంలో ఈ పనికి 16 జీబీ కనీసం ఉండాలి. అంతవరకు షీట్లను ఒక్కొక్కటిగా తెరిచి, హిస్టరీని 20కి తగ్గించుకోవాలి. ఫోటోషాప్‌కు కేటాయించే మెమరీని 70 శాతం దగ్గరే ఉంచడం మేలు. దానిని నూరు శాతానికి జరిపితే విండోస్‌కే మెమరీ మిగలక మొత్తం యంత్రం మందగిస్తుంది. స్క్రాచ్ డిస్కుగా బాగా ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీని ఎంచుకోవాలి. పెన్‌డ్రైవ్‌ను ఎన్నడూ ఎంచుకోకూడదు.

ఫోటోషాప్‌లోనే కాక ఇతర ప్రోగ్రాముల్లోనూ యంత్రం ఆగిపోతున్నా, నీలి తెర వస్తున్నా ర్యామ్ చిప్పులనే పరీక్షించాలి. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్‌తో మొదలుపెట్టి, రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపితే నమ్మకం కలుగుతుంది. తప్పు కనిపిస్తే చిప్పులను ఒక్కొక్కటిగా పెట్టి మళ్లీ పరీక్షించి, చెడినదానిని మార్చాలి. వేసవి దుమ్ము ఫ్యాన్లలో పేరుకుని ఉంటుంది కనుక కరెంటు తీగ పూర్తిగా తీసివేశాక దానిని కూడా శుభ్రం చేయాలి.

ఇక డ్రైవర్. ఎన్‌విడియా కార్డు ఉన్నవారు ఆటల కోసం తరచూ వచ్చే గేమ్ రెడీ డ్రైవర్‌కు బదులుగా స్టూడియో డ్రైవర్‌ను, ఆ సంస్థ సైటు నుంచే దించుకుని, క్లీన్ ఇన్‌స్టలేషన్ పద్ధతిలో వేసుకోవాలి. అంతకుముందు రిస్టోర్ పాయింట్ (అవసరమైతే విండోస్‌ను పాత స్థితికి తీసుకెళ్లే గుర్తు) పెట్టుకోవాలి. కొత్తది కుదరకపోతే డివైస్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’తో పాతదానికి వెళ్లవచ్చు. ఒకసారి కుదురుకున్న డ్రైవర్‌ను శ్రావణం ముగిసేదాకా కదపవద్దు. విండోస్ అప్‌డేట్లను కూడా పనుల ఒత్తిడి ఉన్న వారాల్లో పాజ్‌లో ఉంచాలి. డెస్క్‌టాప్‌లో మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించి ఉండడం చాలాచోట్ల కనిపించే పొరపాటు, దానిని కూడా చూసుకోండి.

ఆటో రికవరీ వ్యవధిని 10 నిమిషాల నుంచి 5కు తగ్గించండి. ప్రిఫరెన్సులను రీసెట్ చేయవలసివస్తే మీ యాక్షన్లను (రికార్డు చేసి పెట్టుకున్న పని వరుసలను) ముందే వేరుగా సేవ్ చేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, చెడిన ర్యామ్ ఉన్న యంత్రం ఫోటోలను కాపీ చేసేటప్పుడు ఏ హెచ్చరికా లేకుండా ఫైళ్లను పాడుచేయగలదు. తాళి కట్టే క్షణాన్ని మళ్లీ తీయడానికి వీలుండదు కనుక, ఫోటోలు రెండు డిస్కుల్లోకి చేరి, అక్కడి నుంచి తెరిచి చూసేంతవరకు కెమెరా కార్డును ఫార్మాట్ చేయవద్దు.