మీ ఊరి పలక ఏం చెబుతోందో తెలుసుకోవడం, రాసిపెట్టుకోవడం ఎలా?

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో డప్పును పలక అంటాం. దూరంగా పలక మోగితే ఇంట్లో పెద్దామె గడప దాటకుండానే "ఎవురో పోయినట్టుండారు" అనో, "జాతర మొదలైనట్టుంది" అనో చెప్పేస్తుంది. ఆ వినికిడిని నేర్చుకొని, ఊరి దరువులను నమోదు చేయాలనుకునేవారికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది.

పని మొదలుపెట్టే ముందు, వాద్యం వార్త చెప్పే దారులు రెండున్నాయని గ్రహించాలి: మాటనే వాయించడం ఒకటి, సందర్భాన్ని తెలపడం ఇంకొకటి. మొదటి దారి ఇలా ఉంటుంది. నైజీరియాలోని కోగి రాష్ట్రంలో, నైజర్ నదికి తూర్పున ఇగాలా ప్రజలు నివసిస్తారు. ఇదా పట్టణం వారి రాజధాని, వారి రాజును "అత్తా" అంటారు. వారి భాషలో గొంతు శ్రుతి మారితే మాటకు అర్థమే మారిపోతుంది. "అవో" అనే ఒకే మాటను వేర్వేరు స్థాయిల్లో పలికితే నక్షత్రం, దువ్వెన, చెంపదెబ్బ అని వేర్వేరు అర్థాలు వస్తాయి. అటువంటి భాషలో మాటల ఎగుడుదిగుడులను డోలు మీద వాయిస్తే, విన్నవారికి మాటే చేరుతుంది. అయితే ఒకే ఎగుడుదిగుడు ఉన్న మాటలు అనేకం ఉంటాయి కనుక తికమక తప్పదు. కాంగోలోని కెలె భాష వాద్యకారులు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. చంద్రుడు అనే ఒక్క మాటకు బదులు "నేలకేసి చూసే చంద్రుడు" అని పొడుగైన పదబంధాన్ని వాయిస్తారు. ఈ సంగతిని కాంగోలో పనిచేసిన ఇంగ్లీషు మిషనరీ జాన్ క్యారింగ్టన్ 1949లో వచ్చిన తన పుస్తకంలో వివరించాడు.

తెలుగుకు ఆ దారి కుదరదు. "మామిడి"ని ఎంత హెచ్చు స్థాయిలో పలికినా మామిడే. కాబట్టి మన పలక మాటను కాక సందర్భాన్ని చెబుతుంది. దాని అర్థం ఊరి ఒప్పందంలో ఉంటుంది. అందువల్ల "ఎన్ని దరువులు వచ్చు?" అని అడగవద్దు. చావుకు, జాతరకు, చాటింపుకు, పెళ్లికి ఏమేమి వాయిస్తారని సందర్భం వారీగా అడగండి. చావు దరువును మాత్రం ఇళ్ల మధ్య వాయించమని కోరకూడదు; ఊరి బయటి తోపులోకి వెళ్లి వినడం మర్యాద.

వాయించే ముందు వరిగడ్డి మంట మీద పలకను కాస్తారు. సడలిన తోలు వేడికి బిగుసుకొని, బొదబొదమనే మోత ఖంగుమనే మోతగా మారుతుంది. ఈ మార్పును కూడా రికార్డు చేయండి, ఎందుకంటే ఊరవతలికి వినిపించేది ఆ బిగువు వల్లనే. నేను మొదటిసారి పలకకు మూరెడు దూరంలో ఫోన్ పెట్టి, ఇంటికి వచ్చి వింటే గరగర తప్ప ఏమీ మిగలలేదు. పదిహేను, ఇరవై అడుగుల దూరం పాటించడం మంచిది. ఒక కుడిచేతి లావు పుల్ల, ఒక ఎడమచేతి సన్న పుల్ల ఎక్కడెక్కడ పడుతున్నాయో తెలియడానికి, అదే దరువును నెమ్మదిగా మరోసారి వాయించమని అడగండి. లావు పుల్ల దెబ్బకు "ఢం", సన్న పుల్లకు "నక" అని గుర్తు పెట్టుకుంటే కాగితం మీదికి ఎక్కించడం సులభం. వాయించేవారే నోటితో దరువు చెబితే మీ గుర్తులు పక్కన పెట్టి వారి మాటనే రాయండి.

అసలు పరీక్ష ఆ తరువాత ఉంటుంది. రికార్డును ఊళ్లోని నలుగురైదుగురు పెద్దలకు వేర్వేరుగా వినిపించి, ఏ సందర్భమో చెప్పమనండి. అందరూ ఒకే మాట చెబితే అది నిజంగా సందేశమే. తలొక విధంగా చెబితే అది కేవలం ఆటకు వాయించే దరువు కావచ్చు, లేదా ఆ ఒప్పందం ఊరు మరిచిపోయి ఉండవచ్చు. అదే రికార్డును పక్క ఊరిలోనూ వినిపించండి. ఎక్కడి నుంచి అర్థం మారుతుందో గుర్తిస్తే ఆ ఒప్పందం ఎంత దూరం చెల్లుతుందో తెలుస్తుంది.

చాటింపును వినడానికి తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మించిన అవకాశం లేదు. తిరుపతి దగ్గరి అవిలాల ఊరికి చెందిన కైకాల వంశంవారు రాత్రివేళ చాటింపు వేయడంతో జాతర ఆరంభమవుతుంది. అది విన్న తరువాత జాతర ముగిసేదాకా ఊరు విడిచి మరోచోట నిద్ర చేయకూడదని నియమం. అంటే ఆ చాటింపు కబురు మాత్రమే కాదు, కట్టడి కూడా. మీ నోటు పుస్తకంలో ప్రతి దరువు పక్కన "విన్నవారు ఏం చేయాలి?" అని ఒక గడి తప్పక ఉంచండి.

చివరగా ఒక మాట. పలక వాయించడం తరతరాలుగా దళిత కుటుంబాల మీద వెట్టిగా మోపిన పని. చావు దరువు వాయించబోమని ఆత్మగౌరవంతో మానుకున్నవారు ఉంటారు, వారిని బతిమాలవద్దు. వాయించేవారికి వారి ఒక రోజు కూలికి తగ్గకుండా ముందే ముట్టజెప్పి, రికార్డు ప్రతిని వారి ఫోన్‌కు పంపి, పేరు రాయవచ్చా అని అడిగిన తరువాతే రాయండి.