కుక్కర్ పెట్టగానే వ్యాయామం

మా బరంపురంలో ఉక్కపోత తెలిసిందే. వాకింగ్‌కి బయల్దేరితే పొద్దున్నే చెమటలు, వానాకాలంలో అదీ కుదరదు. రేపటి నుంచి, రేపటి నుంచి అనుకుంటూనే నెలలు గడిచిపోతాయి.

అందుకే వ్యాయామానికి వేరే టైమ్ వెతక్కుండా, రోజూ ఎలాగూ చేసే పనికి తగిలించేశాను. పప్పు కుక్కర్ స్టవ్ మీద పెట్టగానే మొదలు. వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం 15 సార్లు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం 10 సార్లు. దబ్బున కూలబడకుండా నెమ్మదిగా కూర్చుంటేనే తొడలకు పని పడుతుంది. తర్వాత గోడకు చేతులు ఆనించి, ఒళ్లు నిటారుగా ఉంచి, మోచేతులు మడుస్తూ గోడవైపు వాలి వెనక్కి రావడం 10 సార్లు. విజిల్స్ వచ్చేలోపు అయిపోతుంది. పాలు కాచేటప్పుడు మాత్రం వద్దు, పొంగిపోతాయి!

సాయంత్రం కూరగాయలకు బండి తీయకుండా నడిచే వెళ్తున్నాను, పోనూ రానూ అరగంట. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. ఇలా వారంలో ఐదు రోజులు నడిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే కనీసం 150 నిమిషాలు పూర్తవుతాయి. పెట్రోలూ మిగులుతోంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు తక్కువ ఎత్తు కుర్చీ పనికిరాదు. గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి. అయినా నొప్పి వస్తే అది ఆపేసి డాక్టర్‌ని అడగండి, మిగతా రెండూ చేసుకోవచ్చు.