బీఎస్‌డబ్ల్యూలో చేరేవాళ్లకు ఫీల్డ్‌వర్క్ గురించి కొన్ని మాటలు

ఇంటర్ అయ్యాక సోషల్ వర్క్‌లో డిగ్రీ, అంటే బీఎస్‌డబ్ల్యూ, చేద్దామనుకునేవాళ్లు ఏ కాలేజీ మంచిదని అడుగుతుంటారు. అక్కడ వారానికి ఎన్ని రోజులు ఫీల్డ్‌వర్క్‌కి, అంటే బస్తీల్లో, సంస్థల్లో పని నేర్చుకోడానికి, పంపుతారో, వెళ్లొచ్చాక మీ రిపోర్టు కూర్చుని చదివే సూపర్‌వైజర్ ఉంటారో లేదో ముందు కనుక్కోమని నేను చెబుతాను. మామూలుగా వారానికి రెండు రోజులు పంపాలి. అది లేని చోట ఫీజు తక్కువని చేరకండి.

మన రెండు రాష్ట్రాల్లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) దొరికినంత సులువుగా బీఎస్‌డబ్ల్యూ దొరకదు. బయటికి వెళ్లగలిగితే ఢిల్లీ యూనివర్సిటీలో అదితి మహావిద్యాలయ (ఇది అమ్మాయిలకు), భీంరావ్ అంబేద్కర్ కాలేజీ ఉన్నాయి, అక్కడ ఈ కోర్సు పేరు బీఏ ఆనర్స్ సోషల్ వర్క్, రెండిట్లోనూ సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష ద్వారా సీటు వస్తుంది. ఇంట్లోంచి కదల్లేనివాళ్లకు ఇగ్నో ఉంది, దూరవిద్యే అయినా ఫీల్డ్‌వర్క్ తప్పదు. ఏ డిగ్రీ చేసినా తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ చేయొచ్చు కదా, ఇదెందుకని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బీఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లకు అప్పటికే మనుషుల మధ్య తిరిగిన అనుభవం ఉంటుంది, దాని విలువ ఉద్యోగంలో తెలుస్తుంది.

మొదటి రెండు వారాలు ఎవరికీ ఏ సాయమూ చేయాలనుకోకండి. బస్తీ అయితే ఊరికే తిరగండి. నీళ్లు ఏ టైంకి వస్తాయి, రేషన్ షాపు ఎంత దూరం, మధ్యాహ్నం ఇళ్లలో ఎవరుంటారు, పిల్లలు బడి టైంలో ఎక్కడ కనిపిస్తున్నారు, ఇవన్నీ చూడండి. అంగన్‌వాడీ టీచర్‌ని, ఆశా కార్యకర్తను, మహిళా సంఘం లీడర్‌ని పరిచయం చేసుకోండి. ఏ ఇంట్లో ఏం జరుగుతోందో వాళ్లకు తెలిసినంతగా మీ ఏజెన్సీ (ఫీల్డ్‌వర్క్‌కి మిమ్మల్ని పెట్టిన సంస్థ) ఫైళ్లకు తెలియదు.

హోం విజిట్‌కి వెళ్లినప్పుడు గుమ్మంలోనే నోట్‌బుక్ తెరవొద్దు, ఫోన్ తీసి ఫొటోలు అసలే వద్దు. వాళ్లు చూపించిన చోట కూర్చోండి, అది నేలైనా సరే. ‘మీ సమస్యలేంటి’ అని అడిగితే ఎవరూ చెప్పరు. ‘ఇవాళ పనికి పోలేదా అమ్మా’ అని మొదలుపెట్టండి, మిగతాది వాళ్లే చెబుతారు.

నేను మొదటి ఏడాది చేసిన తప్పొకటి చెప్పాలి. ఒక అవ్వ పింఛను రావట్లేదని ఏడిస్తే, నేను ఇప్పిస్తానవ్వా అనేశాను. ఆమె ఆధార్‌లో వయసు తప్పుగా పడిందని, అది సరిచేయించకుండా దరఖాస్తు ముందుకు కదలదని నాకప్పటికి తెలియదు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ‘బిడ్డా, నా కాగితం ఏమైంది’ అని ఎదురొచ్చేది, నాకు ఆ వీధిలోకి వెళ్లాలంటేనే టెన్షన్. మా సూపర్‌వైజర్ మేడమ్ నన్ను తిట్టలేదు, ‘కనుక్కుని వచ్చి చెబుతాను అనడం అలవాటు చేసుకో’ అన్నారు. అందుకే పథకాల కాగితాల పని బాగా నేర్చుకోండి. వికలాంగులకు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఎలా వస్తుంది, మీ సేవలో ఏం చేస్తారు, ఆంధ్రలో అయితే సచివాలయంలో ఎవరిని కలవాలి, రసీదు నంబరు ఎందుకు దాచుకోవాలి, ఇవన్నీ తెలిసుండాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, గట్టి అనుమానం వచ్చినా, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, తెలిసీ చెప్పకపోవడమే నేరం. మీరు ఆ పిల్లను గుచ్చి గుచ్చి అడగొద్దు. చెప్పింది వినండి, అదే రోజు సూపర్‌వైజర్‌కి చెప్పండి, వాళ్లు అందుబాటులో లేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పేరు మీ క్లాస్‌మేట్లకు కూడా తెలియకూడదు.

ఇక రిపోర్టు. ఎక్కువమంది నెలాఖరులో ఒకేసారి కూర్చుని రాసేస్తారు, అక్కడే చదువంతా పోతుంది. ఆ రాత్రే రాయండి, చూసింది వేరుగా, మీకు అనిపించింది వేరుగా. ‘ఇల్లు మురికిగా ఉంది, తల్లికి శ్రద్ధ లేదు’ అని నేనూ రాశాను. మేడమ్ దాన్ని కొట్టేసి మళ్లీ వెళ్లి చూసి రమ్మన్నారు. రెండోసారి ఇలా రాశాను: ఒకే గది, ఐదుగురు, నల్లా రెండు రోజులకోసారి వస్తోంది, తల్లి తెల్లవారుజామున 5 గంటలకే పనికి వెళ్తోంది. అదే ఇల్లు, అదే తల్లి, కానీ ఇప్పుడు ఏం చేయాలో కనిపిస్తోంది. నల్లా సంగతి ఆమె ఒక్కదానితో మాట్లాడితే తేలదు, వీధిని కూర్చోబెట్టాలి. పుస్తకంలో కేస్‌వర్క్ (ఒక్కో మనిషితో, కుటుంబంతో చేసే పని), కమ్యూనిటీ ఆర్గనైజేషన్ (వీధినో ఊరినో కూడగట్టే పని) అని రెండు పాఠాలుగా ఉన్నదానికి తేడా నాకు ఆ రిపోర్టులోనే అర్థమైంది.

దీనికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి పంపే పని చేసినప్పుడు ఒక్కో తల్లిదండ్రులకు నచ్చజెప్పడంతో ఆగలేదు, బడికి వెళ్లని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న మాట మీద ఊరంతటినీ కదిలించింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. రెండో ఏడాదిలో దీని గురించి తప్పకుండా చదవండి.

ఏడాది చివర చెప్పాపెట్టకుండా మాయమైపోవద్దు. నెల ముందు నుంచే, ఫలానా రోజు నుంచి నేను రాను అని ప్రతి ఇంట్లో చెప్పండి. సగంలో ఉన్న పనులన్నీ, ఎవరిది, ఎక్కడ ఆగింది, ఏ కాగితం కావాలి అని ఒక పేజీలో రాసి ఏజెన్సీలో ఇవ్వండి. ఆ అవ్వ ఆధార్ సరిచేయించి పింఛనుకు పెట్టేసరికి నా ఏడాది అయిపోయింది, రసీదు నంబరు తర్వాతి బ్యాచ్ అమ్మాయికి రాసిచ్చి, ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి అవ్వకు పరిచయం చేసి వచ్చాను.